కఱ్ఱపై మృగములు: ఉలి మొదలు కిరణము వఱకు

 

ఈ సంవత్సరపు సంచికకు వడ్రంగపు పనిని గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరగా, ఏ విషయమును గైకొందునా యని కొన్నిదినములు తలపోసితిని. ఆలయ రథములను గూర్చియు, ద్వారబంధములను గూర్చియు పెద్దలు పలుమాఱులు వ్రాసియున్నారు. ఇంతలో నొకనాడు నా మేనల్లుడు మాయింటికి వచ్చి, గోడకు దగిలించు బొమ్మ నొకదానిని నా చేతికిచ్చెను. అది యేనుగు. పలుచని పలకలు నాలుగు ఒకదానిపై నొకటి యతికి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క చాయ పట్టించి, చెవి వేఱుగను, అంబారి వేఱుగను తేలి కనబడునట్లు అమర్చిరి. అంచులు వెండ్రుకవాసి తప్పలేదు. "మామయ్యా! దీనిని ఉలి తాకలేదు, రంపము తాకలేదు. లేజరు కిరణము కోసినది" అని యతడు గర్వముతో జెప్పెను.

నేను బొమ్మను త్రిప్పి చూచి, తొండముకొసను బొటనవ్రేలితో మెల్లగా నొక్కితిని. అది పుటుక్కున విఱిగినది. పిల్లవాని మొగము చిన్నబోయెను. పలకలో నార అడ్డముగా బోవుచుండగా, సన్నని తొండమును దానికి నిలువుగా గీసియుండిరి. కోయు యంత్రమునకు ఆ సంగతి తెలియదు. గీసినవానికి తెలిసియుండవలెను. ఆ విఱిగిన తొండమే యీ వ్యాసమునకు కారణము. మృగముల రూపములను కఱ్ఱలో దీర్చు విద్య ఏయే త్రోవలు నడచి యీ కిరణమువఱకు వచ్చినదో, ఆ త్రోవలో మన చేతినుండి జాఱిపోయినదేమో, ఇంకను మన చేతిలో నున్నదేమో చూతము.

మనదేశమున కఱ్ఱమృగము

తక్షకవృత్తి మనదేశమున వేదకాలమునాటిది. ఋభువులు తమ నేర్పుచే అశ్వినీదేవతలకు రథమును, ఇంద్రునకు రెండు గుఱ్ఱములను నిర్మించిరని ఋగ్వేదము చెప్పుచున్నది. క్రీస్తుశకము 6వ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు, ప్రతిమకొఱకు అడవికిబోయి చెట్టు నెన్నుకొను విధమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయమునే కేటాయించెను. పనిముట్టు పట్టుటకు ముందే చెట్టును తెలిసికొనవలెనను నియమము ఎంత ప్రాచీనమో దీనిచే తెలియుచున్నది.

మన యాలయములందలి వాహనములను తలచుకొనుడు. సింహము, గజము, అశ్వము, హంస మొదలగు వాహనములపై ఉత్సవదినములందు దేవుడు ఊరేగును. పైని వెండిరేకో, బంగారుపూతయో యున్నను లోపలిది కఱ్ఱయే. రథముల క్రిందియంతస్తులందు గుఱ్ఱములు, యాళులు, ఏనుగులు బారులుతీర్చి యుండును. ఇవి దళసరి మ్రానులో లోతుగా చెక్కిన రూపములు.

విజయవాడ సమీపమునందలి కొండపల్లి బొమ్మల మార్గము వేఱు. ఆ పనివారు ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారి పరంపరలో చెప్పుకొందురు. వారు వాడునది తెల్లపొణికి. మిక్కిలి తేలికయైన మెత్తని కఱ్ఱ. దానిని కాచి తేమ పోగొట్టి, తలను, కాళ్లను, తొండమును వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో అతుకుదురు. అటుపై తెల్లనిపూత వేసి రంగులు దిద్దుదురు. అవయవములను వేఱుగా చెక్కుటయందు గొప్ప సౌకర్యమొకటి గలదు. ప్రతి యవయవమునకును నారను దాని పొడవున నుంచుకొనవచ్చును. ఆ పద్ధతిలో మా యేనుగు తొండము విఱిగియుండెడిది కాదు.

అనకాపల్లి జిల్లాయందు వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకయందు అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న బొమ్మకు లక్కకఱ్ఱను ఆన్చి, ఆ రాపిడి వేడికే లక్క కరగి పట్టునట్లు చేయుదురు. వేఱొక ప్రక్క మన తోలుబొమ్మలవారు, కఱ్ఱను గాక తోలును తీసికొని, మృగముల ఆకారమును కత్తిరించి, చిన్న ఉలులతో రంధ్రములు పొడిచి, రంగులద్ది, వెనుక దీపముంచి ఆడింతురు. బల్లపరుపు వస్తువును కత్తిరించి, తొలిచి, రంగువేసి మృగమును జేయుట యను విద్య తెలుగుదేశమున తోలుమీద ఎన్నడో పండినది. పలకమీద ఆ విద్య పరిపూర్ణముగా పండినది మాత్రము దూరదేశమున.

ఇటలీదేశపు పలకచిత్రములు

15వ శతాబ్దమున ఇటలీదేశపు వడ్రంగులు పలుచని కఱ్ఱముక్కలను వివిధాకారములుగా కోసి, ఒకదానిప్రక్క నొకటి సందులేకుండ అమర్చి, గోడలనిండ చిత్రములు కల్పించిరి. ఆ విద్యకు ఇంటార్సియా యని పేరు. ఉర్బీనో ప్రభువగు ఫెడెరీకో ద మాంటెఫెల్త్రో 1470 ప్రాంతపు దశకమున తన భవనమున నొక చిన్న చదువుగదిని ఈ పనితో నింపించెను. అందు పండ్లబుట్ట ప్రక్కను కూర్చుండి కాయ కొఱుకుచున్న ఉడుత యొకటి గలదు. అది చిత్రకారుడు కుంచెతో దిద్దినది కాదు. వడ్రంగి కఱ్ఱముక్కలతో పేర్చినది. గుబ్బియో యను పట్టణమందలి భవనమున అదే ప్రభువుకొఱకు చేసిన మఱియొక గది 1939లో న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు చేరినది. అందు పంజరముతోగూడ చిలుక యున్నది.

ఆ పనివారికి రంగులెట్లు వచ్చెను? తొలుత కఱ్ఱలోని సహజచ్ఛాయలే ఆధారము. అవి చాలనప్పుడు మూడు ఉపాయములు పన్నిరి. మొదటిది: ఒకవిధమగు బూజు పట్టి తనంతట పచ్చబడిన కఱ్ఱను అడవినుండి యేఱి తెచ్చి, ఆకులకును చిలుక ఱెక్కలకును వాడిరి. ఆ పచ్చదనము బూజువలన గలిగినదేయని మన కాలపు శాస్త్రజ్ఞులు పరిశోధించి నిర్ధారించిరి. రెండవది: వెరోనా నగరమువాడగు ఫ్రా జియోవన్ని యను సన్యాసి (1457–1525) కఱ్ఱను మఱుగకాచిన రంగునీటిలోను, లోనికింకు నూనెలతోను చాయపట్టించెనని 1550లో ప్రకటితమైన వసారి గ్రంథమువలన తెలియుచున్నది. మూడవది: కఱ్ఱముక్క అంచును కాలిన యిసుకలో గ్రుచ్చి, కొంచెము మాడ్చి, గుండ్రదనము భ్రమింపజేయునట్టి నీడను పుట్టించుట. పాఠకులు ఈ మూడవదానిని జ్ఞాపకముంచుకొందురుగాక. అంచును మాడ్చుట యను నీ పని మరల మనకు తటస్థపడును.

సన్నరంపము

ఇటలీవారు తొలుత కత్తితో కోసిరి. అటుపిమ్మట సన్నని ఆకుగల చట్రపురంపము ప్రధానమయ్యెను. ఫ్రాన్సుదేశమున ఆండ్రే షార్ల్ బూల్ (1642–1732) అను వడ్రంగి 1672లో రాజానుగ్రహమున లూవ్రు భవనమున నివాసము పొందెను. అతని పేరిట ప్రసిద్ధమైన పద్ధతిలో ఇత్తడిరేకును, తాబేటిచిప్పను ఒకదానిపై నొకటి కట్టి, ఒకేగీత వెంబడి ఒకేసారి రంపముతో కోయుదురు. ఇట్లు చేయగా ఒక కోతకు రెండు చిత్రములు లభించును. ఒకదానిలో చిప్పనేలపై ఇత్తడి లత. రెండవదానిలో ఇత్తడినేలపై చిప్ప లత. 1720లో అగ్నిప్రమాదము సంభవించి బూల్ కార్ఖానాయు, అతడు కూడబెట్టిన చిత్రపటములును బూడిదయయ్యెను. ఐనను విద్య నిలిచినది. పేరు మాత్రము యజమానిది నిలిచినది. దినమంతయు వంగి కూర్చుండి రంపమాడించిన కూలివారి పేళ్లు లోకమునకు తెలియవు. ఇది మనము మఱవరాని సంగతి.

1760 ప్రాంతమున లండనునందు జాన్ స్పిల్స్‌బరీ యను పటములు చెక్కువాడు దేశపటములను పలకకు అతికించి దేశసరిహద్దుల వెంట కోసి, బాలుర విద్యకొఱకు విక్రయించెను. నేటి ముక్కలాట పలకలకు అదియే మూలము. 19వ శతాబ్దమున కాలితో త్రొక్కు సన్నరంపములు ఇంటింట ప్రవేశించి, జాలిపని యూరోపు, అమెరికా ఖండములందు వేడుకపని యయ్యెను.

మన దక్షిణదేశమున ఈ మార్గమున పేరువడినది మైసూరు. అచట జిట్రేగి పలకలో గుంటలు తీసి దంతపు తునకలను పొదిగెడివారు. రాజభవనపు తలుపులందు ఆ పని నేటికిని చూడవచ్చును. దంతపు వ్యాపారము నిషిద్ధమైనపిమ్మట, పలువిధములగు కఱ్ఱల సహజవర్ణములనే యేర్చి కూర్చి, గోడకు దగిలించు ఏనుగుల చిత్రములను, అడవుల చిత్రములను చేయుచున్నారు. ఒక సామగ్రి పోయినంతమాత్రమున విద్య పోలేదు. కన్ను మిగిలియుండుటచే వేఱొక సామగ్రి దొరకినది.

కిరణము వచ్చిన విధము

ఇక కిరణపు కథ. ఒక కాంతికణము మఱియొక కాంతికణమును తనవంటిదానినే పుట్టింపజేయగలదని 1917లో ఐన్‌స్టైన్ సిద్ధాంతము చేసెను. అది లేజరు రూపము దాల్చుటకు నలుబది సంవత్సరములకు పైగా పట్టెను. 1960 మే 16వ తేదీన అమెరికాయందు థియొడోర్ మైమన్ కెంపురాతి కడ్డీతో తొలి లేజరును వెలిగించెను. "పని లేని పరిష్కారము" అని కొందఱు దానిని పరిహసించిరి. 1964లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ అను శాస్త్రజ్ఞుడు బొగ్గుపులుసు వాయువుతో అఖండముగా వెలుగు లేజరును నిర్మించెను. ఈయన 1938లో మహారాష్ట్రమందలి బారామతిలో జన్మించి, పూనాలో చదివినవాడు. నేడు కఱ్ఱ కోయు లేజరు యంత్రములలో పెక్కు ఈయన కనుగొన్న జాతివే. మన యింటి గోడకు వ్రేలాడు కఱ్ఱయేనుగునకు మనదేశపు బిడ్డ బుద్ధి ఇట్లు కారణమైనది.

1965లో అమెరికాయందొక కర్మాగారము లేజరుతో వజ్రపు అచ్చులకు రంధ్రములు వేసెను. 1967లో ఇంగ్లండునందు పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్, కిరణముతోబాటు ప్రాణవాయువును సన్నని ధారగా ఊదుచు ఉక్కురేకును కోసి చూపెను. నాటినుండి కిరణము కార్ఖానా పనిముట్టైనది.

దాని పని తీరు సులభముగా చెప్పెదను. ఆ కిరణము కంటికి కనబడదు. దాని తరంగము పొడవు 10.6 మైక్రోమీటరులు. కటకముచే అది సూదిమొనవంటి బిందువునకు కూడినప్పుడు ఆ బిందువునందలి కఱ్ఱ మండుటకు వ్యవధిలేకయే ఆవిరియగును. గాలిధార ఆ పొగను ఊదివేయును. చిన్న యంత్రములు సాధారణముగా 40 మొదలు 100 వాట్ల శక్తి గలవి. కోతసందు మిల్లీమీటరులో కొద్దిపాటి భాగమే. సాధారణమైన రంపపు ఆకు అంత సన్నము కాదు. కావుననే ఒక పలకలో కోసిన ముక్క మఱియొక పలకలోని గుంటలో చక్కగా ఇముడును. గీత కంప్యూటరులో గీయబడియుండును. యంత్రము దానిని తుచ తప్పక అనుసరించును. నూఱుమాఱులు కోసినను నూఱవది మొదటిదానివలెనే యుండును. ఈ నిలుకడ మన చేతికి లేదని యొప్పుకొనుటయందు సిగ్గుపడ నక్కఱలేదు.

యంత్రము చేయలేనిది

ఐనను కిరణము కఱ్ఱ నెఱుగదు. కణుపు వచ్చినచోట గట్టిదనమధికమై కోత అడుగంటదు. ప్లైవుడ్డు పొరలనడుమ జిగురు మందముగా నున్నచోట ఆగిపోవును. తేమ పోని పలక వంగినయెడల బిందువు తప్పి అంచు నల్లబడును. ఇవి యన్నియు పలకను చేతబట్టి తట్టి చూచిన వడ్రంగికి ముందే తెలియును.

అన్నిటికంటె ముఖ్యమైనది నార. ఏనుగునకు కాళ్లు, తొండము, తోక యన్నియు క్రిందికి దిగునవి; కావున ఆ పలకకు నార నిలువుగా నుండవలెను. నడచుచున్న పులికి నడుము, తోక అడ్డముగా సాగునవి. దానికి అడ్డనార మేలు. ఐనను కాళ్లను సన్నగింపరాదు. లేడికొమ్ములు అన్నిదిక్కులకు చీలును. వానికి ఏ నారయు చాలదు. పొరలు అడ్డదిడ్డముగా వేసిన ప్లైవుడ్డే శరణ్యము. కలప పొదుపునకై ఏనుగును పలక పొడవున పరుండబెట్టినందుననే మా తొండము విఱిగినది. మిగిలిన కలప విలువకంటె విఱిగిన బొమ్మ విలువ అధికము.

రంగుసంగతియు నిట్లే. 1856లో పెర్కిన్ అను ఆంగ్లబాలుడు బొగ్గుతారునుండి పుట్టిన పదార్థముతో ఊదారంగును జేసినది మొదలు కృత్రిమవర్ణములు లోకమున వ్యాపించినవి. నేడు అంగడిలో దొరకు స్టెయిన్ రెండు విధములు. ఒకటి కరగి నారలోనికి ఇంకునది. రెండవది పొడిగా పైని నిలుచునది. మొదటిది నారను చూపును, కాని పెక్కు రంగులు ఎండకు వెలవెలబోవును. రెండవది ఎండకు నిలుచును, కాని నారను కొంత కప్పును. పలక కొసలందు నార నోళ్లు తెఱచుకొనియుండుటచే రంగును అధికముగా త్రాగి నల్లబడును. జిగురు పడినచోట రంగు పట్టనే పట్టదు. కిరణము మాడ్చిన అంచున రంగును జిగురును సరిగా అంటవు. కావున కోతకుముందు పలకపై కాగితపు పట్టీ అతికి పొగమరక పడకుండ జేసి, కోసినపిమ్మట అంచును ఉప్పుకాగితముతో మెల్లగా తుడిచి, ముక్కలకు వేఱువేఱుగా రంగు పట్టించి, ఆఱినపిదప అతికి, కడపట లక్కపాలిష్ వేయుట క్షేమకరము.

మన కలంకారీవారి నల్లరంగును ఇచట స్మరింపదగును. బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుపముక్కలను ఊరవేసి, కరక్కాయ పట్టించిన బట్టపై ఆ నీటితో వ్రాయగా నల్లనగును. వగరుగుణము తక్కువైన తెల్లకఱ్ఱకు కరక్కాయ కషాయము పూసి, ఆఱినపిదప ఇనుపనీరు రాచినను అదేరీతిని నలుపు పుట్టును. అడవిదున్నకును ఎలుగుబంటికిని అంతకంటె తగిన రంగు లేదు. పైగా అది పైపూత కాదు, కఱ్ఱలోనే పుట్టిన వర్ణము.

ఇక మాడిన అంచు. దానిని దోషమని తుడిచివేయువారే యధికులు. కాని ఇటలీ పనివారు కాలిన యిసుకతో కష్టపడి తెచ్చుకొన్న నీడ యిదియే కదా! ఎచట ఉంచవలెను, ఎచట తుడువవలెను అను వివేకము గలవానికి కిరణము ఊరక యిచ్చిన నీడ యది. చెవి అంచున నుంచి, దంతపు అంచున తుడిచినచో మృగము గోడనుండి ముందునకు వచ్చినట్లుండును. ఈ వివేకమును ఏ యంత్రముతోడను అమ్మరు.

హెచ్చరికలు రెండు వ్రాయుట నా విధి. మొదటిది: రెక్సిను మొదలగు క్లోరిను గల ప్లాస్టికు జాతులను కిరణముక్రింద నెన్నడును ఉంచరాదు, విషవాయువు పుట్టి మనిషినిగాక యంత్రమునుగూడ చెఱచును. రెండవది: యంత్రము పనిచేయుచుండగా దానిని విడిచి పోరాదు, కఱ్ఱ కఱ్ఱయే, నిప్పు నిప్పే. పొగ వెలుపలికి పోవు ఏర్పాటులేని గదిలో ఈ పని చేయరాదు.

విన్నపము

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగిన దేమి? పనిముట్టు మాఱినప్పుడెల్ల గీత గీయువాడు మిగిలెను. ఒరులు గీసినదానిని కోయువాడు పేరులేని కూలివాడయ్యెను. బూల్ కార్ఖానాయందు జరిగినదే కిరణపు కార్ఖానాయందును జరుగుచున్నది. ఎచటనో ఎవరో గీసిన లేడిని, పులిని కొనితెచ్చి, యంత్రములోనికి పంపి, మీటనొక్కుట వృత్తి కాదు. మన యువకులు కొందఱు ఆ మార్గమున బోవుచున్నారు. మఱియొక ప్రక్క మన పెద్దలు, "అది పనియా? అది మాయ" యని మొగము త్రిప్పుకొనుచున్నారు. ఇరువురును నష్టపోవుచున్నారు. పెద్దలయొద్ద నార గుఱ్తు గలదు, గిరాకి లేదు. యువకులయొద్ద గిరాకి గలదు, నార గుఱ్తు లేదు.

కావున పోషక మహాశయులకు నా మనవి యిది. యంత్రము కొనుటకు విరాళమిత్తుమని కొందఱు దాతలు ముందునకు వచ్చుచున్నారు. వారి కౌదార్యమునకు వందనములు. కాని యంత్రమొక్కటియే యిచ్చినయెడల అది యొక పెట్టె. దానితోబాటు పేరుపేరున వ్రాసియుంచిన కలపముక్కల బీరువా యొకటి, చిత్రలేఖనము నేర్పు గురువొకడు, వారమున కొక్కపూటయైన వచ్చి కూర్చుండు వృద్ధవడ్రంగి యొకడు ఉండవలెను. ఆ వృద్ధునకు గౌరవవేతన మీయవలెను. ఉచితముగా చెప్పించుకొన్న విద్యకు విలువ నిలువదు.

మా యింటి సంగతి చెప్పి ముగించెదను. విఱిగిన తొండమును మేనల్లుడు కోపముతో పాఱవేయబోగా నేను ఆపితిని. ఇద్దఱము ఒక బల్లయొద్ద కూర్చుండితిమి. నేను టేకుపలకను త్రిప్పి నార నిలువుజేసితిని. అతడు కంప్యూటరులో తొండపుకొసను ముందుకాలికి తాకునట్లు మరల గీసెను. నాకు ఆ యంత్రపు అక్షరమొక్కటియు రాదు. అతనికి చిత్రిక పట్టుట రాదు. సాయంకాలమునకు ఏనుగు తయారైనది. చెవి అంచున మాడిన నీడను అతడు తుడువబోయి, నా వంక చూచి, తానే మానుకొనెను. ఆ చూపుకొఱకే నేనీ వ్యాసము వ్రాసితిని. బొమ్మ యిప్పుడు మా వసారా గోడపై నున్నది. వచ్చినవారెల్ల ముందుగా తొండమునే పట్టి చూచుచున్నారు. అది విఱుగలేదు.